మైసూరు తొలి ముఖ్యమంత్రి కె.సి. రెడ్డి

క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డి 1902 మే 4న కోలారు జిల్లా క్యాసంబళ్లిలో పుట్టారు. బంగారు గనులకు దగ్గరి ఊరది. కన్నడంతో పాటు తెలుగు, తమిళం ఊరూరా వినిపించే సరిహద్దు సీమ. న్యాయశాస్త్రం చదివిన ఆయన 1930లో మిత్రులతో కలిసి ప్రజా పక్షం అనే పార్టీ పెట్టారు. రైతుల కష్టాలే దానికి ప్రధాన విషయం. 1934లో అది పాత ప్రజా మిత్ర మండలితో కలిసి ప్రజా సంయుక్త పక్షమైంది. 1937లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో విలీనం కావడంతో, అంతవరకు పట్టణాల్లో చదువుకున్నవారి సంస్థగా ఉన్న మైసూరు కాంగ్రెస్‌కు పల్లెల బలం దొరికింది. ఆ ఏడాదే రెడ్డి దానికి అధ్యక్షులయ్యారు.

మైసూరు ఆదర్శ సంస్థానమని పేరు. 1881 నుంచే అక్కడ ప్రజా ప్రతినిధి సభ ఉంది. సభ్యులు చర్చించవచ్చు, విన్నపాలు చేయవచ్చు. పరిపాలన మాత్రం మహారాజు నియమించిన దివానుది. సభకు జవాబు చెప్పుకునే ప్రభుత్వం కావాలన్నదే కాంగ్రెస్ కోరిక. 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థంలో కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి చేరిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు, పలువురు చనిపోయారు. సర్దార్ పటేల్ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడాక, సంస్థానం జెండాతో పాటు కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి ఒప్పందం కుదిరింది. అధికారం సంగతి మాత్రం తేలలేదు.

1947 ఆగస్టులో మహారాజు జయచామరాజ ఒడెయరు భారతదేశంలో చేరే పత్రంపై సంతకం చేశారు. అయినా దివాను ఆర్కాటు రామస్వామి ముదలియార్ అధికారం బదిలీ చేయడానికి ముందుకు రాలేదు. దేశమంతా స్వాతంత్య్రం పండుగ చేసుకున్న రెండు వారాలకే, సెప్టెంబరు 1న, మైసూరు ప్రజలు మళ్లీ సత్యాగ్రహానికి దిగాల్సి వచ్చింది. అదే ‘మైసూరు చలో’. రెడ్డితో సహా నాయకులు జైలుకు వెళ్లారు. విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు. మైసూరులో కాల్పులకు బలైన రామస్వామి అనే విద్యార్థి పేరు అక్కడి కూడలికి నేటికీ ఉంది. అక్టోబరులో ప్రభుత్వం దిగివచ్చింది. 25న రెడ్డి ముఖ్యమంత్రిగా మంత్రివర్గం ఏర్పడింది. కాంగ్రెసేతరులకు కూడా అందులో చోటిచ్చారు.

ఆయన పాలనలో అన్నిటికన్నా బరువైన పని ఈ అధికార మార్పిడే. దివాను పదవి 1949 దాకా కొనసాగింది, కాబట్టి కొత్త మంత్రులు పాత వ్యవస్థ పక్కనే పనిచేయాల్సి వచ్చింది. సంస్థానానికి విడిగా రాజ్యాంగం రాయాలని మొదట అనుకున్నా, 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్నే అంగీకరించారు. మహారాజు రాజప్రముఖ్, అంటే గవర్నరు లాంటి రాజ్యాంగాధిపతి, అయ్యారు. రాజ్యాంగ పరిషత్తు సభ్యుడు కూడా అయిన రెడ్డికి ఈ ఘట్టంలో దక్కాల్సిన గుర్తింపు దక్కలేదనే చెప్పాలి.

బెంగళూరు రూపమూ అప్పుడే మారింది. 1809 నుంచి బ్రిటిష్ దండు ఉన్న కంటోన్మెంటు ఒక పట్టణం, పాత పేట మరో పట్టణం. 1947 జులైలో కంటోన్మెంటు మైసూరుకు తిరిగి వచ్చింది. 1949 డిసెంబరులో రెండు మునిసిపాలిటీలనూ కలిపి ఒకే నగర కార్పొరేషన్ చేశారు. 1951 జులై 13న శాసనసభ భవనమైన విధాన సౌధకు నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ముఖ్యమంత్రి రెడ్డే. ఆయన తలపెట్టింది నిరాడంబరమైన కట్టడం; ఇప్పుడు కనిపించే వైభవమంతా 1952 మార్చి 30న ఆయన తర్వాత వచ్చిన కెంగల్ హనుమంతయ్య మార్చిన నమూనాది. జనం జ్ఞాపకంలో హనుమంతయ్య పేరే నిలవడానికి ఆ భవనమూ ఒక కారణం.

తర్వాత రెడ్డి ఢిల్లీకి వెళ్లారు. 1952 నుంచి ఉత్పత్తి శాఖ, 1957 నుంచి నిర్మాణాలు, గృహవసతి, సరఫరాల శాఖ, 1961 నుంచి 1963 దాకా వాణిజ్య పరిశ్రమల శాఖ చూశారు. బెంగళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో మొదలైంది ఆయన ఉత్పత్తి మంత్రిగా ఉన్నప్పుడే. 1965లో మధ్యప్రదేశ్ గవర్నరయ్యారు. ఫిరాయింపులతో 1967లో డి.పి. మిశ్రా ప్రభుత్వం పడిపోయింది. 1969లో నరేశ్‌చంద్ర సింగ్ ప్రభుత్వం రెండు వారాలైనా నిలవలేదు. ఆ గందరగోళమంతా చూసి 1971లో పదవి విడిచారు. మైసూరు రాష్ట్రం 1973లో కర్ణాటకగా మారింది. 1976 ఫిబ్రవరి 27న చెంగలరాయ రెడ్డి కన్నుమూశారు.