ప్రతాపరుద్రుని అపహరణము - ఆధారములు, ఊహలు

కాకతీయ చక్రవర్తి రెండవ ప్రతాపరుద్రుడు క్రీ.శ. 1323లో ఢిల్లీ సేనలకు చిక్కెను. విజేతలు అతనిని ఢిల్లీకి పంపిరి. అటుపిమ్మట అతడేమయ్యెననునది ఆంధ్రదేశ చరిత్రలో ఏడు శతాబ్దులుగా తెగని వ్యాజ్యము. దారిలో మరణించెనని కొందరనిరి. తానై ప్రాణములు విడిచెనని కొందరనిరి. ఢిల్లీ చేరి, గౌరవము పొంది, ఓరుగంటికి తిరిగి వచ్చెనని మరికొందరు వ్రాసిరి. వీనికి తోడు, రాజు యుద్ధమున ఓడి పట్టువడలేదనియు, శత్రువులు వంచనచేత అతనిని ఎత్తుకొనిపోయిరనియు ఒక వాదము కలదు. సామాన్యజనులలో మిక్కిలి వ్యాపించినది ఈ కడపటిదే. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయ నాటకము 1897లో వెలువడిన పిదప అది దాదాపు చరిత్రయే యన్నంత ప్రతిష్ఠను సంపాదించెను.

నాటకమును నాటకముగా మెచ్చుకొనుటలో దోషము లేదు. కాని పరిశోధక విద్యార్థులు సైతము అప్పుడప్పుడు అందలి కథను ఆధారముగా చూపుచుందురు. కావున ఈ వ్యాజ్యమున ఎవరు సాక్షులు, వారు ఎప్పుడు చెప్పిరి, ఏ ప్రయోజనమును మనసున నుంచుకొని చెప్పిరి అను మూడు ప్రశ్నలను వేసికొని చూచుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొదట దండయాత్ర సాగిన త్రోవను గమనింపవలెను. ఢిల్లీ సుల్తాను గియాసుద్దీను తుగ్లకు కుమారుడు ఉలూఘ్ ఖాను. ఇతడే పిమ్మట ముహమ్మదు బిన్ తుగ్లకు అను పేర రాజ్యమేలెను. ఓరుగంటిపై ఇతడు చేసిన మొదటి ముట్టడి విఫలము కాగా దేవగిరికి మరలిపోయెను. అచట ఢిల్లీనుండి క్రొత్త బలములు వచ్చి చేరినవి. రెండవమారు ఇతడు బీదరు కోటను పట్టుకొని, బోధనును ముట్టడించి లోబరచుకొని, ఆ పిదపనే ఓరుగంటిపైకి నడచెను. బోధను కొలది దినములలోనే లొంగెననియు, అచటి పాలకుడు తన పరివారముతో కూడ ఇస్లామును స్వీకరించెననియు పారసీక కథనమును బట్టి తెలియుచున్నది.

నేడు నిజామాబాదు జిల్లాలో మోస్రా, వర్ని, బోధను ప్రాంతములలో వరిపొలములు, చెరకుతోటలు తప్ప ఆ దండు నడచిన గుర్తులేవియు బాటసారి కంటికి కానరావు. బోధనునందలి దేవల్ మసీదు మాత్రము పూర్వపు దేవాలయపు కంబములతోనే నిలిచి, ఆనాటి మార్పునకు సాక్షిగా నున్నది. ఓరుగంటి కథ చెప్పువారు సామాన్యముగా బోధనును విడిచిపెట్టుదురు. మన విచారణకు మాత్రము బోధను మిక్కిలి ముఖ్యము. ఒక రాజును మోసముచేత ఎత్తుకొనిపోవలెనన్నచో కోటవెంట కోటను ముట్టడింప పనిలేదు. బీదరు, బోధను, ఓరుగల్లు అను వరుస, వెనుకటి త్రోవను భద్రపరచుకొనుచు, ఆహారసామగ్రి తెప్పించుకొను ఏర్పాటు చేసికొనుచు ముందుకు సాగిన దండయాత్రకు తగిన వరుస. అపహరణవాదమునకు మొదటి అడ్డంకి బోధననియే చెప్పవలెను.

ఇక ఓరుగంటి పతనము. జియావుద్దీను బరనీ తన గ్రంథమును 1357లో ముగించెను. ఇసామీ తన పద్యకావ్యమును 1350లో దక్కనులో, బహమనీ ప్రభువు ఆశ్రయమున వ్రాసెను. వీరు చెప్పిన వివరములలో భేదములున్నను, దీర్ఘమైన ముట్టడి పిమ్మట కోట వశమైనదనుటలోను, రాజు పట్టువడెననుటలోను భేదము లేదు. ముట్టడి సుమారు అయిదు మాసములు సాగెనని చరిత్రకారుల నిర్ణయము. రాజును, అతని కుటుంబమును మలిక్ బేదారు, ఖ్వాజా హాజీ అను వారి కాపుదలలో ఢిల్లీకి పంపిరి. ఓరుగంటికి సుల్తానుపురమని పేరు మార్చిరి.

ఈ చరిత్రకారులను మనము ఎంతవరకు నమ్మవచ్చును? దీనికి మొదటి ముట్టడి కథయే మంచి పరీక్ష. ఆ ముట్టడి నడుమ ఢిల్లీలో సుల్తాను చనిపోయెనను పుకారు పుట్టి, సేనానులు చెదరిపోయిరి. ఆ పుకారును పుట్టించినదెవరు? ఉబైదు అను కవియు, అతని చెలికాడును ద్రోహబుద్ధితో పుట్టించిరని బరనీ చెప్పును. ఇసామీ కథలో ఈ ఉబైదు జ్యోతిష్కుడు. కోట పడు దినమును ముందుగా చెప్పి, ఆ మాట తప్పునేమోయను భయముతో పుకారు లేపెను. ఇబ్న్ బతూతా మాత్రము, సింహాసనముపై కన్నువేసిన ఉలూఘ్ ఖానే దానిని పుట్టింపజేసెనని వ్రాసెను. సంఘటన ఒకటి, ఉద్దేశములు మూడు. బరనీ ముహమ్మదు బిన్ తుగ్లకు కొలువున చాలకాలముండిన వాడు. ఇసామీ ఆ సుల్తానును ద్వేషించిన వాడు. ఇబ్న్ బతూతా పుకారు పుట్టిన పదియేండ్ల పిమ్మట ఢిల్లీకి వచ్చి, అక్కడివారు చెప్పుకొనుచుండినది విని వ్రాసిన వాడు. కావున ఏమి జరిగెనను విషయమున వీరి ఐకమత్యమును గ్రహింపవచ్చును. ఎందుకు జరిగెనని వీరు చెప్పునప్పుడు మాత్రము జాగ్రత్త వహింపవలెను. ఉద్దేశమును చెప్పువాడు తెలిసియో తెలియకయో తన పక్షమును కూడ చెప్పుకొనుచుండును.

ఈ సూత్రమునే రాజు మరణమునకు అన్వయింతము. తెలుగుదేశపు సాక్ష్యములలో ప్రాచీనమైనది ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము. దీనిని నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మగార్లు పరిష్కరించి ప్రకటించిరి. ఇది సుమారు 1330 నాటిది, అనగా సంఘటన జరిగిన పదియేండ్ల లోపలిది. బందీగా కొనిపోబడుచు ప్రతాపరుద్రుడు సోమోద్భవ, అనగా నర్మదా నదీతీరమున మరణించెనని ఈ శాసనము చెప్పుచున్నది. దీనికిని ప్రయోజనము లేకపోలేదు. ప్రోలయ నాయకుడు చీకటి క్రమ్మిన దేశమును తిరిగి ఉద్ధరించినవాడుగా తన్ను చెప్పుకొనెను. పూర్వపు రాజు బ్రతికియున్నచో ఆ మాటకు బలము తగ్గును. ఈ శాసనమొక్కటే మనకున్నచో, రాజు మరణము ప్రోలయకు అనుకూలమైన కథ యని సందేహించుటకు వీలుండెడిది.

కాని రెండవ సాక్షి కలడు. పదునాలుగవ శతాబ్ది కడపట వ్రాసిన షమ్సె సిరాజ్ అఫీఫు కూడ తెలంగు రాయడు ఢిల్లీ త్రోవలో మరణించెనని చెప్పెను. ఇతడు ఈ మాటను రాజుకొరకు చెప్పలేదు. ఫిరోజ్ షా తుగ్లకు మంత్రియైన ఖానె జహాను మక్బూలు జీవితమును చెప్పుచు, ప్రసంగవశమున చెప్పెను. ఈ మక్బూలు పుట్టుకచే తెలంగాణమువాడు, ప్రతాపరుద్రుని కొలువున మన్ననలందినవాడు. ప్రభువు దారిలో మరణించిన పిమ్మట ముహమ్మదు తుగ్లకు నెదుట నిలిచి ఇస్లామును స్వీకరించెను. మారన రచించిన మార్కండేయపురాణమునకు కృతిపతియైన నాగయ గన్నయ ఇతడేయని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. అఫీఫు ఆ మంత్రి కాలపు కొలువును ఎరిగినవాడు. కావున ఈ వార్త ఆ ఇంటివారినుండి వచ్చినదని ఊహించుట అయుక్తము కాదు.

గోదావరీ ప్రాంతపు శాసనకర్తకును, ఢిల్లీ కొలువు చరిత్రకారునకును నడుమ సంబంధము లేదు. ఇరువురి ప్రయోజనములును వేరు. అట్టివారు ఒక మాటయందు కలిసినప్పుడు ఆ మాటకు విలువ హెచ్చును. కనుక రాజు ఢిల్లీ చేరకమునుపే మరణించెననుట మనకున్న ఆధారములలో బలమైనది.

ఎట్లు మరణించెను? రాజమహేంద్రవరపు రెడ్డిరాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనము, అతడు తన ఇచ్ఛచేతనే దేవలోకమునకు పోయెనని చెప్పుచున్నది. పెక్కుమంది దీనినిబట్టి ఆత్మార్పణమును నిశ్చయించిరి. బందీగా ఢిల్లీ వీధుల నడచుటకంటె నర్మదలో ప్రాణము విడుచుట మేలని ఒక క్షత్రియమానసుడు తలచుట అసంభవము కాదు. కాని ఈ శాసనము నూరేండ్ల తరువాతిది. రాజు మరణమును అతని ఇచ్ఛకు లోబడినదిగా వర్ణించుట ప్రశస్తికవులకు మర్యాద కూడను. ఆ పదము వార్తయో, మర్యాదయో శాసనము మాత్రమే చదివి తేల్చరాదు. ఆత్మార్పణము సంభావ్యము, సిద్ధము కాదు.

ఎదుటి పక్షమున ఒక శాసనము గలదు. కొలని రుద్రదేవుడను అధికారి సంతమాగులూరున 1326లో వేయించిన శాసనమున ప్రతాపరుద్రుని తన ప్రభువుగా పేర్కొనెను. మూడేండ్ల క్రిందట మరణించినవాడు ప్రభువెట్లగును? రాజు విడుదలయై వచ్చి కొంత సీమను ఏలెనని దీనినిబట్టి ఊహించినవారు కలరు. అయినను మరియొక సమాధానము ఇంతకంటె సులభము. పాతప్రభువు పోయి, క్రొత్తప్రభువును అంగీకరించుటకు మనసొప్పని అధికారి శాసనమున ఎవరి పేరు చెక్కించును? రాజ్యము పోయిన పిదపకూడ రాజు పేరు కొంతకాలము నిలుచును. ఆ శిల రాజు జీవించెననుటకంటె సేవకుని విశ్వాసము జీవించెననుటకు మంచి సాక్ష్యము.

పదునారవ శతాబ్దినాటిదిగా తలచు ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రమునకు వచ్చుసరికి కథ పెరిగినది. అందు రాజు ఢిల్లీ చేరును. సుల్తాను అతని దైవాంశను గ్రహించి సగౌరవముగా విడిచిపెట్టును. రాజు తిరిగి వచ్చును. ఇక 1897 నాటి నాటకమున యుగంధరమంత్రి పిచ్చివాని వేషమున ఢిల్లీకి పోయి, అపహృతుడైన రాజును విడిపించుటయేగాక సుల్తానునే బందీగా కొనివచ్చును. రాజును పోలిన చాకలి పేరిగాడు సింహాసనముపై కూర్చుండి హాస్యము పండించును. ఇచట ఒక క్రమము స్పష్టము. సంఘటనకు చేరువనున్న సాక్షులు ఒకటి రెండు మాటలు చెప్పి ఊరకుందురు. కాలము గడచినకొలది సంభాషణలు, వేషములు, ఉపాయములు హెచ్చును. వివరములు హెచ్చుట ఆధారములు హెచ్చుట కాదు.

ఇట్టిది ఆంధ్రులకు మాత్రమే చెల్లినది కాదు. పోర్చుగలు రాజు సెబాస్టియను 1578లో మొరాకోనందలి అల్కాసర్ యుద్ధమున కూలెను. 1580లో ఆ రాజ్యము స్పెయిను ప్రభువుల వశమయ్యెను. అయినను రాజు బ్రతికియున్నాడని, తిరిగి వచ్చునని ఆ ప్రజలు తరతరములు నమ్మిరి. నేనే ఆ రాజునని చెప్పుకొనుచు పలువురు కపటులు బయలుదేరిరి. రాజ్యముతోపాటు రాజును పోగొట్టుకొన్న ప్రజలు మొదట రాజునే వెదకుదురు.

అపహరణకథ మనవారికి ఎందుకంత ప్రియమైనదో ఇప్పుడు ఊహింపవచ్చును. ఓటమికి కారణములు మనలోనే వెదకవలసివచ్చును: కోటలో ధాన్యమెంత యుండెను, నాయకులలో ఎవరు నిలిచిరి, ఎవరు తొలగిరి, బోధను పడినప్పుడు ఓరుగంటినుండి సాయమేల రాలేదు అని ప్రశ్నింపవలసివచ్చును. అపహరణమునకు కారణము శత్రువు కపటము మాత్రమే. అందు మన తప్పు లేదు. పైగా ఓటమిని మరలింపలేము, ఎత్తుకొనిపోయినదానిని తిరిగి తెచ్చుకొనవచ్చును. పరులయేలుబడిలో నున్న 1897 నాటి ప్రేక్షకునికి ఆ ఆశ ఎంత తీపియో వేరుగ చెప్ప పనిలేదు.

అయినను ఆ తీపికి మనము చెల్లించిన మూల్యము కలదు. యుగంధరుడు ఢిల్లీనుండి సుల్తానును తెచ్చెనని చప్పట్లు కొట్టుచు, ఓరుగంటినుండి పోయి ఢిల్లీ మంత్రియైన నిజమైన తెలంగాణీయుని మరచితిమి. అతని సమాధి ఢిల్లీలో నిజాముద్దీను ప్రాంతమున నేటికిని కలదు. నర్మదాతీరమున ఒక రాజు ఒంటరిగా మరణించెనను కఠినసత్యమును మరచితిమి. బోధను కోటలో కొలది దినములు నిలిచి లొంగిన పాలకుని భయమునో, వివేకమునో, విశ్వాసమునో విచారించుటకు మనకు తీరిక లేకపోయెను. అతనికొరకు ఏ యుగంధరుడును ఢిల్లీకి బయలుదేరలేదు.

కావున తీర్పు ఈ విధముగా నుండదగును. ప్రతాపరుద్రుడు యుద్ధమున పట్టువడెననుట నిశ్చితము. ఢిల్లీ త్రోవలో, నర్మదాతీరమున మరణించెననుట బలవత్తరము. తన ఇచ్ఛచేత మరణించెననుట సంభావ్యము. తిరిగి వచ్చెననుట దుర్బలము. అపహరింపబడెననుట సాహిత్యము. పరిశోధకుడు ఈ అయిదింటిని అయిదుగా ఉంచవలెను. కడపటిదానిని త్రోసివేయ పనిలేదు. అది 1323 నాటి ఓరుగంటికి సాక్ష్యము కాకపోయినను, ఆ ఓటమిని భరింపలేకపోయిన తరువాతి తరములవారి మనసునకు సాక్ష్యము. వ్యాజ్యమున ఏ పత్రమును ఏ విషయమునకు దాఖలు చేయవలెనో తెలిసినప్పుడు ఏ పత్రమును వ్యర్థము కాదు.