చెక్: రాజును తాకని కట్టడి

అదుపును సూచించే ఆంగ్ల పదం ఏది కనబడినా దాని వెనక ఒక తాడునో, కళ్లేన్నో, గొలుసునో వెతకడం మన అర్థవిచార వ్యాసాల్లో అలవాటైపోయింది. భాషావేత్త లేకాఫ్, తత్వవేత్త జాన్సన్‌లు 1980లో ‘మెటఫర్స్ వి లివ్ బై’ వెలువరించాక ఈ అలవాటుకు సిద్ధాంతబలం కూడా చేరింది. శరీరానుభవమే పునాది, తక్కినదంతా దాని మీద లేచిన రూపకం అంటారు వారు. ‘చెక్’ అన్న పదం దగ్గర ఈ మాట నిలవదు.

చెక్‌కు మూలం పారశీక ‘షా’, అంటే రాజు. అరబ్బీ మీదుగా లాటిన్‌కు, ఫ్రెంచికి, అక్కడి నుంచి ఇంగ్లీషుకు చేరింది. దారి పొడవునా ఇది చదరంగపు మాటే. ఇక ఆటలో జరిగేది చూడండి. నల్లమంత్రి తెల్లరాజును మరుసటి ఎత్తులోనే ఆటకట్టించేలా ఉంది. ఇంతలో తెల్ల ఏనుగు నల్లరాజున్న వరుసకు వచ్చి చెక్ చెబుతుంది. నల్లరాజును ఎవరూ ముట్టుకోలేదు, కట్టేయలేదు. అయినా నల్లపక్షం పన్నాగమంతా ఆగిపోయింది. రాజు తప్పుకోవాలి, మధ్యలో ఏదైనా అడ్డుపెట్టాలి, లేదా ఆ ఏనుగును చంపాలి. ఆపింది బలం కాదు, ఇద్దరూ ఒప్పుకున్న నియమం. ఆలంకారికుడు మమ్మటుడి పరిభాషలో చెక్‌కు అదుపు అన్న అర్థం రూఢిలక్షణే, అంటే వాడుకలో స్థిరపడిన లక్ష్యార్థమే. అయితే ఇక్కడ ముఖ్యార్థమే ఒక ఒడంబడిక.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇంగ్లండు ఖజానాలో ఉంది. పన్నెండో శతాబ్దంలో ఆ ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ‘డయలోగస్ డి స్కకారియో’లో లెక్కల బల్లను వర్ణించాడు. సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. పెట్టినవి జారిపోకుండా చుట్టూ 4 వేళ్ల ఎత్తు అంచు. పైన చారలు గీసిన నల్లగుడ్డ. జిల్లా షెరీఫ్ ఒకవైపు, కోశాధికారి ఒకవైపు కూర్చుంటే, వారి మధ్య లెక్క తేలడాన్ని ఆ గ్రంథకర్తే చదరంగపు పోరుతో పోల్చాడు. ఆ ఖజానాకు ‘ఎక్స్‌చెకర్’ పేరు అలా నిలిచింది. బ్యాంకు చెక్కుకు బ్రిటిష్ వర్ణక్రమం ఈ నీడలోనే కుదిరింది. 1788లో అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన మాడిసన్ ఫెడరలిస్ట్ 51వ వ్యాసంలో ప్రభుత్వ విభాగాలు ఒకదానికొకటి ‘చెక్’గా ఉండాలని వాదించినప్పుడు కూడా అక్కడున్నది గుర్రమూ రౌతూ కాదు, ఎదురెదురు ఆటగాళ్లు.

వ్యుత్పత్తి వేరు, వాడేవాడి మనసులోని భావన వేరు అని అవతలి పక్షం అనవచ్చు. పదం నడిచిన దారి చూడకుండా మనసు లోపలి సంగతి చెప్పడం ఎలాగో వారే చెప్పాలి. అదుపునే సూచించే కర్బ్, బ్రైడిల్ మాత్రం గుర్రపుశాల మాటలే, కాదనను.

తెలుగు పత్రికల శీర్షికల్లో ‘కళ్లెం వేశారు’, ‘చెక్ పెట్టారు’ పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిని పర్యాయపదాలుగా చూపడం పొరపాటు. కళ్లెం పడినవాడు పశువు, చెక్ పడినవాడు ఆటగాడు. చెక్‌డ్యామ్‌లో నీటికి ఎత్తుగడ ఏముందని అడిగితే, అది ఇంజనీర్ల మాట. రాజకీయాన్ని మనం చదరంగంగానే ఊహిస్తున్నామనడానికి ఆ శీర్షికలు చాలు. ఒక నాయకుడు చెక్ పెట్టాడని చదివిన పాఠకుడు మర్నాడు అవతలివాడు వేసిన ఎత్తేమిటా అని పేపరు తిప్పుతాడు. కళ్లెం వేశారన్న వార్తను ఆ పూటతో వదిలేస్తాడు.