హాంకా కొట్టిన చేతులు ఎవరివి? పులిని కాపాడే హక్కు ఎవరిది?

అడవి హక్కుల గురించి ఎక్కడ మాట్లాడినా మన విద్యార్థుల నుంచి ఒక ప్రశ్న వస్తుంది. "అన్నా, పులుల సంగతి మనకెందుకు? అది ఆదివాసుల సమస్య కదా?" ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నాను. జవాబు చరిత్రలోనే ఉంది.

చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా ప్రకారం 1875 నుంచి 1925 దాకా, యాభై ఏళ్లలో, ఈ దేశంలో 80,000కు పైగా పులుల్ని చంపారు. తెల్లదొరలు, రాజులు, జమీందార్లు, వాళ్ల అతిథులు షికారు పేరుతో పోటీపడి వేటాడారు. పులిని చంపితే బ్రిటిష్ సర్కారు బహుమానం కూడా ఇచ్చేది. దొర మంచె మీదనో ఏనుగు మీదనో తుపాకీ పట్టుకొని కూర్చునేవాడు. కింద పొదల్లో డప్పులు, డబ్బాలు కొడుతూ, కేకలు వేస్తూ పులిని తుపాకీ ముందుకు తోలింది ఊళ్ల పేదలు. దాన్నే హాంకా అన్నారు. దెబ్బతిన్న పులి తిరగబడితే ముందు దొరికేది వాళ్లే. ఫొటోలో మాత్రం చచ్చిన పులి పక్కన దొర నిలబడి ఉంటాడు. డప్పు కొట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

1936లో దేశంలో మొదటి జాతీయ పార్కు పెట్టినప్పుడు దానికి గవర్నర్ హేలీ పేరు పెట్టారు. తర్వాత అదే పార్కుకు జిమ్ కార్బెట్ పేరొచ్చింది. కార్బెట్ వేటగాడిగా పేరు తెచ్చుకొని, తర్వాత జంతువుల తరఫున మాట్లాడినవాడు. వేటగాడు మారడం మంచిదే. కానీ తుపాకీ పట్టినవాడికి దొరికిన ఆ గౌరవం, అడవిలో బతికినవాడికి ఎందుకు దొరకలేదు?

1972 లెక్కలో పులులు 1,827 మాత్రమే తేలాయి. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో 9 రిజర్వులతో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఆ చట్టం అవసరమేనని నేనూ అంటాను. అయితే పులి అంతరించడానికి కారణమైన షికారు దొరల లెక్క ఎవరూ అడగలేదు. మన నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వు ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చాక, తేనె, జిగురు, గడ్డల మీద బతికే చెంచులు తమ అడవిలోనే అనుమతి అడగాల్సినవాళ్లయ్యారు.

జనాన్ని పక్కనపెడితే పులి బతుకుతుందా? రాజస్థాన్‌లోని సరిస్కా చూడండి. అది పులుల రిజర్వు. గార్డులున్నారు, నిధులున్నాయి. 2005 నాటికి అక్కడ ఒక్క పులీ మిగల్లేదని బయటపడింది. అప్పుడు కేంద్రం వేసిన, సునీతా నారాయణ్ అధ్యక్షతన పనిచేసిన టైగర్ టాస్క్‌ఫోర్స్ చెప్పింది ఇదే: అడవిలో, అడవి అంచున బతికే జనాన్ని శత్రువులుగా చూస్తూ పులిని కాపాడలేం.

ఇప్పుడు కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్టకు రండి. 2011లో అది టైగర్ రిజర్వు అయింది. అదే ఏడాది అక్కడి సోలిగ ఆదివాసులు సామూహిక అడవి హక్కుల పత్రాలు సాధించుకున్నారు. పులుల రిజర్వులో అలాంటి హక్కులు రావడం దేశంలో అదే మొదలు. వాళ్లు వెళ్లిపోలేదు, పులులూ పోలేదు. 2010లో 35గా చెప్పిన పులులు 2014 నాటికి 68 అయ్యాయి. ఆ ఘనతంతా సోలిగలదేనని నేననను. కానీ మనిషి ఉంటే పులి ఉండదన్న వాదన అక్కడ నిలబడలేదు. ఎండుటాకులకు చిన్న మంట పెట్టే తమ పాత పద్ధతిని ఆపేశాకే లాంటానా పొదలు అడవిని మింగాయని సోలిగలు చెప్తారు. అది తరాల అనుభవం నుంచి వచ్చిన జ్ఞానం.

మన దగ్గర చెంచులకు బేస్ క్యాంపుల్లో వాచర్ల పని ఇస్తున్నారు. అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పే నేర్పు వాళ్లది. దీన్నే "ప్రజల భాగస్వామ్యం" అంటున్నారు. నిర్ణయంలో మాట లేకుండా కూలి మాత్రమే ఇస్తే అది భాగస్వామ్యం ఎట్లా అవుతుంది? హాంకాకూ మన చేతులే కావాలి, కాపలాకూ మన చేతులే కావాలి. నోరు మాత్రం వద్దు.

2019లో ఆ నోరు లేచింది. అమ్రాబాద్ రిజర్వులో యురేనియం అన్వేషణకు కేంద్రం దారి తెరిచింది. కట్టెల మోపుకు అడ్డొచ్చిన పులి, డ్రిల్లింగ్ యంత్రాలకు అడ్డు రాలేదన్నమాట! చెంచులు, చుట్టుపక్కల ఊళ్ల జనం, విద్యార్థులు కదిలారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. ఆరోజు నల్లమల పులి తరఫున నిలబడింది జనమే.

ఇక "మనకెందుకు" అన్న ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం వన్యప్రాణుల్ని, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. హక్కులు తేల్చకుండా, గ్రామసభ రాతపూర్వక సమ్మతి లేకుండా పులి పేరుతో ఎవర్నీ కదిలించకూడదంది. కానీ అదే చట్టంలో, ఎస్టీలు కాని అడవివాసులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడున్నట్టు రుజువు చూపాలి. అడవి అంచున తరాలుగా మేకలు కాసి, కట్టె కొట్టి బతికిన మాల, మాదిగ కుటుంబాలు ఈ కోవలోకే వస్తాయి. చదువు, భూమి రెండూ దక్కనివ్వని సమాజం ఇప్పుడు 75 ఏళ్ల కాగితం అడుగుతోంది!

కాగితమే రుజువు కాదు. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని ఆ చట్టం నియమాలే చెప్తున్నాయి. కాబట్టి అడవి అంచు ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు తాతల్ని, అవ్వల్ని కూర్చోబెట్టి అడగండి. ఎక్కడ మేపారు, ఏ కుంటలో నీళ్లు తాగారు, ఎవరి షికారుకు డప్పు కొట్టారు? రాసుకోండి, గ్రామసభలో పెట్టండి. పెద్దలు పోయాక ఆ వాంగ్మూలం ఇచ్చేవాళ్లు ఉండరు.

జై భీమ్.