రామచిలుక

పడమటి కనుమల చల్లని అడవుల్లో బతికే నీలిరెక్కల చిలుకకు దగ్గరి చుట్టం. ఇది మాత్రం ఉరవకొండ లాంటి మెట్టసీమ ఎండలకూ తట్టుకుంటుంది. తోకతో కలిపి సుమారు 40 సెంటీమీటర్ల పొడవు. మెడచుట్టూ నలుపు, గులాబి రంగుల కంటె ఎదిగిన మగచిలుకకే ఉంటుంది. చెట్టుతొర్రల్లో గుడ్లు పెడుతుంది.

కాలివేళ్లు ముందుకు రెండు, వెనక్కి రెండు. ఒంటికాలిపై నిలబడి, రెండో కాలితో జొన్నకంకి ముక్కను నోటికందించుకుని, ఎర్రటి పైముక్కుతో గింజ ఒలుచుకు తినే నేర్పు చూసి తీరాలి. తిన్నదానితోపాటు రాల్చేదీ ఎక్కువే. అందుకే కంకి పాలుపోసుకునే రోజుల్లో రైతుకు వడిసెల తప్పదు. ఆ కష్టం నిజమే. అయినా దీన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలుకజోస్యానికీ మినహాయింపు లేదు.