పెద్దల చదువు లెక్కలో నిన్నటి బడి



బడిలో చేర్చే దరఖాస్తులో తల్లి చదువు ఎంత అని అడిగే గడి ఒకటి ఉంటుంది. మా హోసూరు ప్రాంతంలో ఆ గడి నింపే వేళ, "నాలుగు దాకా సదివినాను సార్, అయిదు కాలేదు" అని తలదించుకొని చెప్పిన తల్లులను ఎందరినో చూచాను. వారు సంతకం చేస్తారు, బస్సు మీది ఊరి పేరు చదువుతారు. జనాభా లెక్కల్లో వారు అక్షరాస్యులే. ప్రాథమిక విద్య పూర్తి చేసినవారి లెక్కలో మాత్రం వారికి చోటు లేదు. ఈ రెండు లెక్కలకు గల భేదం గ్రహించకుండా దేశాలను పోల్చితే పొరపాటు పడతాము.

ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో పెద్దల చదువును లెక్కించేటప్పుడు సాధారణంగా 25 ఏళ్లు, ఆ పైబడినవారిని తీసుకొంటుంది. ప్రాథమిక విద్య అంటే జర్మనీలో చాలా రాష్ట్రాలలో 4 ఏళ్లు, మన దేశంలో సాధారణంగా 5 ఏళ్లు, జపానులో, కొరియాలో 6 ఏళ్లు. అందువల్ల అంతర్జాతీయ వర్గీకరణ ఒకటి ఏర్పరచి, దానిని 1997లోను, 2011లోను సవరించారు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. నేడు 60 ఏళ్ల వ్యక్తి ఒకటో తరగతిలో చేరవలసినది 1970 దశకం మొదట్లో. కనుక పెద్దల చదువు లెక్క నేటి బడిని చూపదు, నిన్నటి బడిని చూపుతుంది.

జపాను 1872లోనే ప్రతి బిడ్డా బడికి రావాలని శాసనం చేసింది. మన వైపు బరోడా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ 1906లో నిర్బంధ ప్రాథమిక విద్యను సంస్థానమంతటా అమలు చేశారు. గోపాలకృష్ణ గోఖలే 1911లో అటువంటి బిల్లునే బ్రిటిషు ఇండియా శాసనసభలో ప్రవేశపెట్టగా 1912లో అది వీగిపోయింది. ఆనాడు బడి ఎరుగని పిల్లలే తరువాతి జనాభా లెక్కల్లో నిరక్షరాస్యులైన పెద్దలుగా కనిపించారు. 1951లో మన అక్షరాస్యత 18.33 శాతం.

అదే కాలపు కొరియాను చూడండి. 1945లో జపాను పాలన ముగిసేనాటికి అక్కడ నూటికి 78 మంది పెద్దలు చదువురానివారని అంచనా. 1938 తరువాత బడిలో వారి సొంత భాషకే చోటు కరువైంది. స్వాతంత్ర్యం రాగానే పాఠాలు కొరియా భాషలోకి వచ్చాయి. దక్షిణ కొరియా 1949లో నిర్బంధ విద్యా చట్టం చేసి, యుద్ధం ముగిసిన వెంటనే 1954లో ఆరేళ్ల ప్రణాళిక చేపట్టింది. గదులు చాలకపోతే రెండు మూడు పూటలుగా బడి నడిపారు. 1959 నాటికి నూటికి 96 మంది పిల్లలు బడిలో ఉన్నారు. భాష ఒక్కటే కారణమని నేను అనను. భూసంస్కరణలు, విదేశీ సహాయం కూడా తోడ్పడ్డాయి. కాని ఇంటి మాటలో పాఠం చెప్పడం ఆ మార్గాన్ని సుగమం చేసిందనడంలో సందేహం లేదు.

మన రాజ్యాంగం 45వ అధికరణం 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలన్నది. విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చినది 2010 ఏప్రిల్ 1న. గడువు దాటి యాభై ఏళ్లు! ఆ మధ్యకాలంలో బడి మానినవారే నేటి మన పెద్దలలో చాలామంది.

దేశపు సగటు చాటున మరుగుపడేవారు కూడా ఉంటారు. శ్రీలంకలో కన్నంగర సంస్కరణల వల్ల 1945లో ఉచిత విద్య వచ్చింది, ప్రాథమిక తరగతులలో మాతృభాష మాధ్యమమైంది. ఆ దేశం దక్షిణాసియాకే ఆదర్శమైంది. అయినా తేయాకు తోటల తమిళ కూలీల పిల్లల బడులను ప్రభుత్వం చేపట్టడం 1970 దశకంలో గాని మొదలు కాలేదు. దేశం ముందుకు నడిచింది, తోటలోని బిడ్డ వెనుకబడింది.

అల్పసంఖ్యాక భాషల వారమైన మనకు ఇది హెచ్చరిక. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం పాటుపడాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం చెబుతున్నది. ఆ హక్కును అడిగి పొందవలసినవారము మనమే. నాలుగో తరగతిలో పాఠం అర్థంకాక బడి మానిన బిడ్డ మరో యాభై ఏళ్లు ఆ లెక్కలో "పూర్తి కానిది"గానే మిగిలిపోతుంది.

తల్లులకు ఒక మాట. తలదించుకోవలసిన పని లేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ పెద్దలకై నడిపే ప్రాథమిక విద్యలో "బి" స్థాయి 5వ తరగతికి సమానం. మిగిలిన ఆ ఒక్క తరగతి ఇప్పుడైనా పూర్తి చేయవచ్చు. ఉపాధ్యాయులారా, ఈసారి దరఖాస్తులో ఆ గడి నింపేటప్పుడు ఈ సంగతి ఆ తల్లితో చెప్పండి.