బియ్యపు కెలోరీలు, అన్నపు కెలోరీలు

మరపట్టిన బియ్యము 100 గ్రాములకు సుమారు 345 కెలోరీలు. అంతే బరువుగల అన్నమున అందులో మూడవ వంతే ఉండును. తక్కినవి ఎచటికి పోయినవి? ఎచటికిని పోలేదు, ఉడుకునపుడు నీరు చేరినది, నీటికి కెలోరీలు లేవు.

1937లో నీలగిరులలోని కూనూరు పరిశోధనాలయమునుండి ఆక్రాయిడ్ ప్రకటించిన ఆహారపు పట్టికలలో ధాన్యములు వండకమునుపటి లెక్కతోనే ఉన్నవి. ఇది సబబే. ఒక ఇంట అన్నము పలుకు, వేరొక ఇంట మెత్తన. రెడ్డిగూడెమువంటి మెట్ట ఊళ్లలో జొన్నన్నము, జావల సంగతి చెప్పనక్కరలేదు. ఆ సంస్థ 1958లో హైదరాబాదు చేరినది.

పట్టికలోని బియ్యపు అంకెతో అన్నపు తూకమును గుణించిన వసతిగృహ నిర్వాహకుడు, పిల్లలు తిన్నదానికి మూడు రెట్లు తిన్నారని వ్రాసికొనును. ఆకలి పుస్తకములో కనబడదు. వార్చిన గంజితో కొంత పిండిపదార్థము పోవును. గంజి త్రాగువారికి ఆ నష్టము లేదు.