పసిగుండెకు సన్నని త్రోవ

హైదరాబాదులో జూబిలీ హిల్స్, ఫిలింనగర్ అనగానే స్ఫురించునవి సినిమా స్టూడియోలు, తారల భవనములు. ఆ కొండలమీదనే 1988లో డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిగారి అపోలో ఆసుపత్రి వెలసినది. పుట్టుకతోనే గుండెలో లోపమున్న బిడ్డలకు చికిత్స జరుగు తావులలో అదియు నొకటి. ఆ చికిత్స నడచివచ్చిన బాటను మేము నేడు విన్నవింతుము.

1938లో బోస్టన్ నగరమున రాబర్ట్ గ్రాస్ అను యువవైద్యుడు, పుట్టిన పిమ్మట మూసికొనవలసి యుండియు మూసికొనని గుండెనాళమును ఒక బాలికకు దారముతో బిగించి కట్టెను. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్, గుండె పనిని కొంతసేపు యంత్రమున కప్పగించి, గుండెగోడలోని రంధ్రమును కుట్టెను. రెంటికిని ఱొమ్మును కోసి తెరువవలసి వచ్చెను.

కోతలేని త్రోవ వేరొకచోట మొదలైనది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి రక్తనాళములో సన్నని గొట్టమును దూర్చికొని గుండెదాక నడిపెను. 1975లో అమెరికాలో కింగ్, మిల్స్ అను వైద్యులు ఆ త్రోవనే గొడుగువంటి పరికరమును పంపి గుండెరంధ్రమును మూసిరి. నేడు మడిచిన పరికరమును గజ్జలోని రక్తనాళము గుండా గుండెకు చేర్చి విప్పుదురు. దాని రెండు బిళ్లలు గోడకు ఇరువైపుల పట్టుకొనును; కొన్ని నెలలలో గుండెపొర వానిపై అల్లుకొనును. చుట్టును తగినంత అంచులేని రంధ్రములకు ఇది పనికిరాదు. అట్టి కొన్నింటిని కుడిచంక క్రింద చిన్నకోతతో కుట్టుదురు. చిక్కైన లోపములకు నేటికిని ఱొమ్ము తెరువవలసినదే.

అన్నపూర్ణ స్టూడియో స్థాపకులు అక్కినేని నాగేశ్వరరావుగారు 1974లో గుండె శస్త్రచికిత్సకై అమెరికా వెళ్లిరి. అంతటి నటునికే సముద్రము దాటవలసివచ్చిన ఆ దినములలో పేదబిడ్డ మాట చెప్పనేల? 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిదప అట్టి బిడ్డల చికిత్సకును ప్రభుత్వ ధనము లభించినది. చిత్రసీమలో నటులు మహేశ్ బాబుగారును ఇట్టి చికిత్సలకు తోడ్పడిరి.

ఐనను కాలము మన కొఱకు ఆగదు. పెద్ద రంధ్రము ఏండ్ల తరబడి అట్లే యున్నచో ఊపిరితిత్తుల రక్తనాళములు గట్టిపడి, పిదప దానిని మూయుటకును వీలులేకపోవచ్చును. పాలు త్రాగునపుడు ఆయాసము, చెమట, బరువు పెరుగకుండుట, పెదవులు నీలమగుట కనిపించినచో జాగు చేయరాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించును. వారు వచ్చు దినమున బిడ్డను ఇంట నుంచకుడు.